బొమ్మలు వేసినవారు

"రేపు మీ అందరికీ గ్రంథకర్తను పరిచయం చేస్తాను" అంది గంగాభవాని, సోమవారం సాయంత్రం బడి గంట కొట్టబోయే ముందు. ఆ వేళప్పుడు రెండో తరగతి పిల్లల చెవులు సగం వీధిలోనే ఉంటాయి. గదిలో మిగిలిన సగం చెవుల్లో గ్రంథకర్త కాస్తా గంధంకర్ర అయి కూర్చుంది.

మర్నాడు పొద్దున్న గది తలుపు తీసేసరికి పెళ్లివారి విడిదిలా గుప్పుమంది. ముప్ఫై ఇద్దరు ఆడపిల్లల్లో పద్నాలుగు మంది దేవుడి గూట్లోంచి గంధపు చెక్కలు పట్టుకొచ్చేశారు. రామలక్ష్మి అనే పిల్లయితే, "కర్ర ఒక్కటే ఏం చేసుకుంటారు, రాయి కూడా పట్టుకెళ్లవే అంది మా బామ్మ" అంటూ సానరాయి మోసుకొచ్చింది. గంధం లేని ఇంటివాళ్లు, కర్ర కర్రే కదా అని ఒక పిల్ల చేతికి వేపకర్ర ఇచ్చి పంపారు. గుమ్మంలో ఒక తల్లి భుజం నిండా కొంగు కప్పుకుని నిలబడింది. "ఏవండీ పంతులమ్మగారూ, బళ్లో ఏదైనా శుభకార్యమాండీ? ముందు చెబితే పసుపు కుంకుమ కూడా పంపేదాన్ని కదండీ!"

హెడ్‌మిస్ట్రెస్ రూతమ్మగారు నవ్వలేక గోడ పట్టుకున్నారు. "భవానీ, మునిసిపాలిటీవారు సుద్దముక్కలు పంపడానికే ఏడుస్తారు. నీ పిల్లలు చూడు, గంధం పంపారు."

అసలు సంగతేమిటంటే, ఆ శుక్రవారం ఇన్‌స్పెక్ట్రెస్‌గారు బడి తనిఖీకి వస్తున్నారు. ఆవిడగారిదొక కొత్త పద్ధతి. చిన్నపిల్లలకి బొమ్మల పుస్తకం చదివే ముందు, ఆ పుస్తకం ఆకాశంలోంచి ఊడిపడలేదనీ, ఎవరో ఒక మనిషి కూర్చుని రాశారనీ, ఎవరో ఒక మనిషి కూర్చుని బొమ్మలు వేశారనీ చెప్పాలట. వీలైతే ఆ మనుషుల్ని బడికి పిలిచి చూపించాలట. అలాంటి పాఠం ఒకటి సిద్ధం చెయ్యండని ముందుగా ఉత్తరం రాశారు. రూతమ్మగారు ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా గంగాభవాని దగ్గరికి వచ్చారు. "ఏలూరంతా గాలించక్కర్లేదమ్మాయ్. గ్రంథకర్త నీ ఇంట్లోనే ఉన్నారు."

ఉన్నారు. ఆయన పేరు భాస్కరరావు. హైస్కూల్లో తెలుగు మాస్టరు, గంగాభవానికి భర్త. ఆర్నెల్ల కిందట బెజవాడలో అచ్చయిన 'కొల్లేటి కొంగమ్మ' అనే పుస్తకానికి కర్త. అందులో పన్నెండు పాటలు, పాటకొక పక్షి బొమ్మ. జిల్లాలో నాలుగైదు బళ్లలో పిల్లలు ఆ పాటలు పాడుతున్నారు కూడా.

గంధపు చెక్కలన్నీ ఒక పళ్లెంలో పోగుచేసి గంగాభవాని పాఠం మొదలుపెట్టింది. "గంధంకర్ర కాదమ్మా, గ్రంథకర్త. అంటే పుస్తకం రాసినవారు. ఇదిగో, ఈ పుస్తకం ఎవరో ఒకరు రాశారా లేదా?"

"రాశారండీ!"

"ఎవరండీ?" అంది రామలక్ష్మి.

అక్కడ వచ్చింది చిక్కు. భర్త పేరు నోటితో అనే ఆడది ఆ వీధిలోనే కాదు, ఆ వీధికి అటు నాలుగు వీధులూ ఇటు నాలుగు వీధులూ కలిపినా లేదు. పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్తగారు వెంకటనరసమ్మగారు కాపురానికొచ్చిన మొదటి రోజే చెప్పారు. పలక పట్టినవాళ్లు పలకచ్చు, పలక పట్టించే ఆవిడ మాత్రం పలకకూడదు. గంగాభవాని నసిగి నసిగి, "అదే... మావారు" అంది.

పిల్లలు బుద్ధిగా పలకలు తీశారు. కాసేపటికి రూతమ్మగారు వరసల మధ్య తిరిగి చూస్తే ముప్ఫై రెండు పలకల మీదా ఒకే మాట ఉంది. గ్రంథకర్త: మావారు.

"ఓసి నీ అసాధ్యం కూలా! ముప్ఫై ఇద్దరికీ ఒక్కణ్ణే కట్టబెట్టేశావు కదే" అని రూతమ్మగారు కళ్లు తుడుచుకుని, తానే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద భాస్కరరావుగారి పేరు రాసి, నవ్వుకుంటూ తన గదిలోకి వెళ్లిపోయారు.

అక్కడితో ఆగితే అదొక మంచి నవ్వులాటగా మిగిలేది. కాని రామలక్ష్మికి ఇంకో అనుమానం వచ్చింది. "మరి బొమ్మలు వేసింది ఎవరండీ?"

అట్ట మీద 'రచన, చిత్రాలు' అని ఉంది. మాటలు రెండు, కింద పేరొక్కటే.

"బొమ్మలూ వారే" అంది గంగాభవాని.

"కాదండీ" అంది మూడో వరసలోంచి మున్నీ.

మున్నీ తివాచీలు నేసే కాలేషా కూతురు. ఏడేళ్లుంటాయి. తమ్మిలేటి ఒడ్డున వాళ్ల ఇల్లు. మాట్లాడే పిల్ల కాదు. అలాంటిది లేచి నిలబడి, పుస్తకం అందరికీ కనబడేలా పట్టుకుంది. "బొమ్మలు మీరే వేశారండీ. మీరు బోర్డు మీద కొంగని తోక దగ్గర మొదలుపెట్టి చెయ్యెత్తకుండా కంటిదాకా తెస్తారండీ. మోకాలి దగ్గర సుద్ద ఆపి చిన్న మెలిక తిప్పుతారండీ. ఇదిగోండి, ఇందులో ప్రతి కొంగకీ ఆ మెలికుందండీ."

"నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదండీ. చూస్తే తెలిసిపోద్దండీ. మా ఇంట్లో తివాచీ తిరగేస్తే ఏ ముడి ఎవరేసిందో మా నాన్నమ్మ చెప్పేస్తదండీ. నాకూ తెలుసండీ. ఇదీ అలాగేనండీ."

ఒక్క క్షణం, రెప్పపాటు కూడా కాదు, గంగాభవాని గుండె ఎగిరి గంతేసింది. ఆరు నెలల్లో ఇంతమంది ఆ పుస్తకం తిరగేశారు, ఒక్కరికీ కనపడని తను ఈ పిల్లకి కనబడింది! ఆ వెంటనే భయం వచ్చి ఆ సంతోషం పీక పట్టుకుంది. ఈ మాట బడి దాటితే ఇల్లు చేరుతుంది, ఇల్లు చేరితే ఆయన చెవిని పడుతుంది. ముప్ఫై ఒక్క మొహాలు తన నోటివైపే చూస్తున్నాయి. ఆ నోట్లోంచి ఒక కేక వచ్చింది. ఆ గొంతు తనదేనా అని ఆమే అదిరిపడేటంత కేక.

"అబద్ధాలాడతావా? పెద్దవాళ్ల మీద కల్పించి చెబుతావా? ఎక్కు బెంచీ!"

మున్నీ ఏడవలేదు. పుస్తకం జాగ్రత్తగా మూసి కిందపెట్టి, పరికిణీ కుచ్చిళ్లు పట్టుకుని బెంచీ ఎక్కింది. గంగాభవాని బోర్డు మీద 'అబద్ధము ఆడరాదు' అని రాసి అందరిచేతా పదిసార్లు చెప్పించింది. అందరికంటే గట్టిగా చెప్పింది మున్నీయే. సాయంత్రం బడి వదిలాక పిల్లలు ఆ పిల్లకి కొత్త పేరు పెట్టేశారు. అబద్ధాల మున్నీ.

సిగ్గు అనే మాటకి మన భాషలో రెండు అర్థాలున్నాయి. పెళ్లిచూపుల్లో పడవలసినది ఒకటి, తప్పు చేసినప్పుడు పడవలసినది ఒకటి. ఆడపిల్లకి మొదటిది ఊయలలోంచీ నేర్పుతారు. తల వంచుకో, గట్టిగా నవ్వకు, గుమ్మంలో నిలబడకు, మగవాళ్లున్నచోట మాట్లాడకు. రెండోది ఎవరూ నేర్పరు. అది ఎప్పుడో ఒకరోజు దానంతటదే వస్తుంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే గంగాభవానికి వచ్చింది. కాలవ వంతెన మీద ఎవరో తెలిసినావిడ "ఏం భవానమ్మా, అలా ఉన్నావు?" అంటే, "ఎండండీ" అంది. ఎండ అప్పటికే పోయింది.

ఆ పక్షులకొక కథ ఉంది. ముదినేపల్లికి ఇవతల, కొల్లేట్లో ఒక లంక ఊరు ఆమె పుట్టిల్లు. నాన్న దోనె మీద పొలానికి వెళుతూ కూతుర్ని ముందు కూర్చోబెట్టుకునేవాడు. గూడకొంగ ముక్కుకింద సంచీ వేలాడేసుకుని సంతకొచ్చిన ఇల్లాలిలా నిలబడేది. పరజ బాతులు గుంపుగా లేస్తే నీళ్లు చప్పట్లు కొట్టినట్టుండేది. ఇంటికొచ్చి వాకిట్లో మెలికల ముగ్గు పెట్టేటప్పుడు, పిండి పట్టిన చెయ్యి ఎత్తకుండా గీత తిప్పుకుంటూ పోతే, ఆ గీతే ఒకరోజు కొంగయి కూర్చుంది. అప్పట్నించీ అంతే. కాపురానికొచ్చాక కుంచె పట్టాలంటే ముందు కుంచం కింద పెట్టాలి. తెల్లవారకుండా కల్లాపి, నీళ్లు, పొయ్యి, ఆయన పంచెలకి గంజి. పదింటికల్లా బడి. సాయంత్రం మళ్లీ పొయ్యి, అత్తగారి కాళ్లకి నూనె, ఆపైన ఆయన రాసిన పద్యాలకి సాపు ప్రతి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయే గంటన్నర మాత్రం ఆమెది. ఆయన దిద్దేసిన పరీక్ష పేపర్ల వెనక్కి తిప్పి బొమ్మలు వేసుకునేది. పిల్లలు లేరు. వెంకటనరసమ్మగారు ఆ కాగితాలు చూసినప్పుడల్లా పక్కింటివాళ్లకి వినపడేలా, "ఒళ్లో నలుసు లేదు గానీ కాగితాల మీద పిట్టల్ని మాత్రం కంటోంది మహాతల్లి" అనేవారు.

ఆ కాగితాలే ఒకరోజు బియ్యపు డబ్బా వెనక భాస్కరరావుకి దొరికాయి. "ఇదేమిటే, కొంగ అచ్చం కొంగలాగే ఉంది! అచ్చంగా ఉన్నదాన్ని అచ్చుకెక్కించడం ఎంతసేపు?" అని ఎగిరి గంతేశాడాయన. బొమ్మలు ముందు పుట్టాయి, వాటిని చూసి ఆయన పాటలు కట్టాడు. పాటలు బాగానే ఉన్నాయి, కాదనకూడదు. బెజవాడ నుంచి ప్రూఫులు వచ్చిన రోజు వాలుకుర్చీలో పడుకుని, అట్ట చూసుకుంటూ, తల తిప్పకుండా అడిగాడు. "నీ పేరు కూడా వెయ్యమంటావేమిటే?" గుమ్మం దాటేసిన చుట్టాన్ని, భోంచేసి వెళ్లకూడదూ అన్నట్టు అడిగాడు. ఆమె ఆ చుట్టంలాగే జవాబు చెప్పింది. "నాకెందుకండీ పేరు."

"అదీ మాట. ఆడవాళ్ల పేరు అచ్చులో కనబడితే జనం పుస్తకం చూడరే, పేరు చూస్తారు. అయినా నా పేరులో నువ్వు లేవూ?"

ఉంది. వెతికినా దొరకనంత లోపల ఉంది. కర్త ఆయన, కర్మ ఆమెది, క్రియంతా వంటింట్లో జరిగిపోయింది. తాడేపల్లిగూడెంలో ఏదో సాహిత్య సభవారు ఆయనకి శాలువా కప్పి 'చిత్రకవి' అని బిరుదిచ్చినప్పుడు, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని ఆమె కూడా చప్పట్లు కొట్టింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇన్నాళ్లూ దాన్ని మంచితనం అనుకుంది. ఇవాళ ఆ మంచితనం బరువు ఒక ఏడేళ్ల పిల్ల బెంచీ మీద నిలబడి మోసింది.

బుధవారం మున్నీ బడికి రాలేదు. గురువారం కూడా రాలేదు. సాయంత్రం గంగాభవాని ఇంటికి తిన్నగా పోకుండా తమ్మిలేటి ఒడ్డుకి నడిచింది. వెళ్లి ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. చెప్పవలసినది ఒకే ఒక్క వాక్యం. నీ కూతురు అబద్ధం చెప్పలేదమ్మా.

మున్నీ తల్లి సఫియా ఆమెని చూసి హడావిడిగా తలమీద ముసుగు సర్దుకుని చాప వేసింది. "రండి పంతులమ్మగారూ, కూర్చోండి. మీరే వచ్చారాండీ! కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదండీ."

పాకలో నిలువు మగ్గం ఉంది. దాని ముందు పలక మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. చివర మున్నీ. చిన్న వేళ్లు ఊలు పోగు తీసి, ముడి వేసి, కత్తితో టుక్కున కోస్తున్నాయి. తల తిప్పలేదు.

"మా పిల్ల మీ మీద లేనిపోనిది కల్పించిందంటండీ" అంది సఫియా. "సందులో పిల్లలందరూ అబద్ధాల మున్నీ అని ఏడిపిస్తున్నారండీ. నాకు తల కొట్టేసినట్టయిందండీ. రెండు తగిలించాను కూడానండీ. మీరు మనసులో పెట్టుకోకండి."

"కొట్టావా?"

"తప్పదు కదండీ. మీలాంటివారు చెప్పాక అది నిజమే అయ్యుంటుంది కదండీ. పోనీలెండి, బడి మానిపించేస్తున్నాం. పేరు పాడు చేసుకోడానికి బడి ఎందుకండీ? మగ్గం దగ్గర కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది."

మున్నీ నాన్నమ్మ ఖాతూన్‌కి చూపు మందగించింది. ఆవిడ ఒళ్లో నేత ముగిసిన తివాచీ ఒకటి బోర్లా పడుంది. వేళ్లతో వెనకవైపు తడుముతూ నవ్వింది. "ఇదిగోనమ్మా, ఈ మూల దాని చెయ్యి. బిగువు తెలుస్తాంది. పైకేం తెలవదు, పైన కంపెనీవాడి ముద్రుంటది. కొన్నోళ్లు పైన నడుస్తారు. కిందేముందో మేమే చూసుకుంటాం."

ఆ వాక్యం గంగాభవాని నాలుక చివరదాకా వచ్చింది. అప్పుడే గుమ్మంలోంచి పక్కింటి ఆడవాళ్లిద్దరు తొంగిచూశారు. పంతులమ్మగారు మనింటికొచ్చారని పిల్లలు మూగారు. ఇంతమందిలో ఎలా? ఈ మాట తెల్లవారేలోపు ఊరంతా పాకదూ? నాలుక చివరికొచ్చినది వెనక్కి పోయి, ఇంకో మాట బయటికొచ్చింది. "రేపు ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వస్తున్నారు సఫియా. హాజరు తక్కువైతే మాటొస్తుంది. రేపొక్కరోజు పంపించు."

"మీ మాట కాదంటామాండీ!"

వచ్చిన పని ఏమిటి, చేసిన పని ఏమిటి! తివాచీల ఇంటికొచ్చి తన పరువుకే ఇంకో ముడి వేసుకుంది. వీధి మలుపు దాకా వచ్చాక వెనక పాదాల చప్పుడు వినపడింది. మున్నీ పరుగెత్తుకొచ్చింది. చేతికి ఇంకా ఎర్ర ఊలు నూగు అంటుకునే ఉంది.

"పంతులమ్మగారూ, రేపు వాళ్లు అడిగితే ఏం చెప్పమంటారండీ?"

ఆ కళ్లల్లోకి గంగాభవాని చూడలేకపోయింది. పిల్ల పాపిడి వైపు చూస్తూ అంది. "అందరూ చెప్పేదే చెప్పు తల్లీ."

శుక్రవారం పొద్దున్న భాస్కరరావు భోంచేస్తుంటే, అన్నం వడ్డిస్తూ మెల్లగా కదిపింది. "ఏవండీ, బళ్లో ఒక పిల్ల నా గీత పోల్చేసిందండీ. తివాచీలవాళ్ల పిల్ల. బొమ్మలు నావేనంది."

ఆయన నవ్వాడు. "తివాచీవాళ్ల పిల్ల చూసిందని నన్ను వెళ్లి తివాచీ కింద దాక్కోమంటావా ఏమిటి? పసిపిల్ల మాట. చారు పొయ్యి."

"అది కాదండీ, ఆ పిల్లని నేను అబద్ధాలకోరని..."

"మొగుడు నలుగురిలో పైకొస్తుంటే కాలుపట్టి లాగే ఆడదాన్ని నిన్నే చూస్తున్నాను" అన్నారు వెంకటనరసమ్మగారు, వసారాలోంచి.

"ఊరుకో అమ్మా. భవానీ అలాంటిది కాదు" అన్నాడు భాస్కరరావు. ఆ మాటతో ఆయన ఇద్దరి నోళ్లూ ఒకేసారి మూసేశాడు. "ఉత్తరీయం ఇస్త్రీ అయిందా? గంజి ఎక్కువ పెట్టకు, మొన్న మెడ గీరుకుపోయింది."

ఇస్త్రీ అయింది. గంజి తక్కువే పెట్టింది.

పదకొండింటికి రెండో తరగతి గదిలో ఇన్‌స్పెక్ట్రెస్‌గారు కుర్చీలో కూర్చున్నారు. కళ్లజోడు, చేతి గడియారం, మెత్తని మాట. పక్కన రూతమ్మగారు. ఎదురుగా ముప్ఫై ఇద్దరూ నూనె రాసి బిగించిన జడలతో. మున్నీ నీలం పరికిణీ వేసుకొచ్చింది. భాస్కరరావు లేచి, ఉత్తరీయం సర్దుకుని, పాట ఒకటి పాడాడు. పిల్లలు పకపకా నవ్వారు. పాటలు నిజంగా బాగుంటాయి.

"ఇన్ని పక్షుల్ని మీరు ఎక్కడ చూశారండీ?" అని రామలక్ష్మి అడిగింది.

"మంచి ప్రశ్న! నా చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను దోనె ముందు కూర్చోబెట్టుకుని కొల్లేట్లో తిప్పేవారమ్మా. గూడకొంగ ముక్కుకింద సంచీతో, సంతకొచ్చిన ఇల్లాలిలా నిలబడేది. పరజలు లేస్తే నీళ్లు చప్పట్లు కొట్టినట్టుండేది..."

భాస్కరరావుది పెంటపాడు. ఊరి చుట్టూ వరిచేలు. నాన్నగారు ఎడ్లబండి తప్ప ఎరగరు. ఈయనకి కాలవలో పడవెక్కితేనే కళ్లు తిరుగుతాయి. అవన్నీ పెళ్లయిన కొత్తలో ఆమె ఆయనకి చెప్పుకున్న మాటలు. బొమ్మలు తీసుకున్నారు, సరే, తనే ఇచ్చింది. ఇప్పుడు నాన్నని తీసుకున్నారు. దోనెతో సహా తీసుకున్నారు. అయినా గోడకానుకుని, ఆ గోడ మీద బొమ్మలాగే నిలబడింది. ఇన్నేళ్లలో నేర్చిన విద్య అదొక్కటే అయినట్టు.

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ముచ్చటపడి పిల్లల వైపు తిరిగారు. "ఇప్పుడు మీలో ఒకమ్మాయి చెప్పాలి. మూడో వరసలో నీలం పరికిణీ అమ్మాయి. నీ పేరేమిటమ్మా?"

"మున్నీ అండీ."

"అబద్ధాల మున్నీ అండీ" అంది వెనకనించి ఒక గొంతు. గదంతా కిసుక్కుమంది.

"అలా అనకూడదు. మున్నీ ఇవాళ నిజం చెబుతుంది, చూడండి. ఈ పాటలు ఎవరు రాశారు?"

"భాస్కరరావుగారండీ."

"మరి బొమ్మలెవరు వేశారు?"

మున్నీ గంగాభవాని వైపు చూసింది. కోపంగా కాదు. ఎక్కం అప్పజెప్పేటప్పుడు తడబడిన పిల్ల పంతులమ్మ పెదవులవైపు చూస్తుందే, అలా. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, గట్టిగా, స్పష్టంగా చెప్పింది.

"భాస్కరరావుగారేనండీ."

"శభాష్! చూశారా, నిజం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టండి!"

అందరూ కొట్టారు. రూతమ్మగారు కొట్టారు. భాస్కరరావు కూడా దయగా కొట్టాడు. గంగాభవాని చేతులు వాటంతటవే పైకి లేచాయి. అవి ఒకదాన్నొకటి తాకే లోపు ఆమె వాటిని చూసింది. చప్పట్ల మధ్య నీలం పరికిణీ పిల్ల మొదటిసారి ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, నోరు మూసుకుని, ఎక్కడ నేర్చుకుందో గానీ అచ్చం పెద్ద ఆడదానిలా ఏడుస్తోంది.

"ఒక్క మాట చెప్పాలండీ" అంది గంగాభవాని.

"భవానీ, తరవాత..." అన్నాడు భాస్కరరావు.

"తరవాత బడి వదిలేస్తారండీ."

ఆమె గోడ వదిలి ముందుకొచ్చింది. మొహం వేడెక్కి కళ్లు మసకలు కమ్మాయి. ముందుకొచ్చేస్తే ఈ సిగ్గు తగ్గుతుందనుకుంది, తగ్గలేదు. తగ్గకపోయినా చెప్పవచ్చని అప్పుడే తెలిసింది.

"పాటలు వారు రాశారండీ. బొమ్మలు నేను వేశానండీ. దోనె మా నాన్నది."

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు పుస్తకం అట్ట తిప్పి చూశారు. భాస్కరరావుని చూశారు. ఆయన ఉత్తరీయం సర్దుకుంటున్నాడు, అది సరిగ్గానే ఉన్నా. "మరి ఇక్కడ మీ పేరు..."

"వెయ్యమంటావా అని వారు అడిగారండీ, వద్దన్నది నేనే. ఆ సంగతి మా ఇంట్లో మేం మాట్లాడుకుంటాం. రెండో ముద్రణ వస్తోంది కనక తప్పకుండా మాట్లాడుకుంటాం. ఇక్కడ చెప్పవలసినది వేరే ఉంది."

రూతమ్మగారు కళ్లజోడు తీసేశారు. గంగాభవాని మూడో వరస దాకా నడిచి, మున్నీ పక్కన నిలబడి, పిల్లలందరికీ వినపడేలా, పాఠం చెప్పేటప్పటి గొంతుతో చెప్పింది.

"మంగళవారం బొమ్మలు నేను వేశానని మున్నీ చెప్పింది. అది నిజం. నిజం చెప్పినందుకు నేను బెంచీ ఎక్కించాను, వాళ్లమ్మ కొట్టింది, మీరందరూ పేరు పెట్టారు. ఇవాళ వారు వేశారని చెప్పింది. అది అబద్ధం. దానికి మనం చప్పట్లు కొట్టాం. మున్నీకి అబద్ధం చెప్పడం రాదు పిల్లలూ. నిన్న సాయంత్రం, వీధి మలుపులో, నేను నేర్పాను."